మా ఊరి మందు సమస్యా, మన శుక్రవారం చర్చలూ

శుక్రవారం సాయంత్రం బెంగుళూరు నుంచి మదనపల్లె వైపు వచ్చే బస్సు ఎక్కితే సగం మంది సాఫ్టువేరోళ్ళే కనబడతారు. మెడలో కంపెనీ ట్యాగు తీయడం మర్చిపోయినవాళ్ళు కొందరు, చింతామణి దాటేదాకా మీటింగు వదలనివాళ్ళు కొందరు. పోయిన నెల అట్లాంటి బస్సులోనే ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. నాది పుంగనూరు దగ్గర పల్లె. ఒకాయనది మదనపల్లె. ఇంకొకాయనది కుప్పం (మామూలుగా ఆయన రైలెక్కాలి, ఆ రోజు మదనపల్లెలో అత్తగారింటికి పోతున్నాడు). మాటల మధ్యలో మందు ప్రస్తావన వచ్చింది. ఇంకేముంది, రెండు గంటలు బస్సంతా మాదే!

ఒకాయన 2019 నుంచి 2024 దాకా గవర్నమెంటు షాపుల్లో పోసిన పేరూ ఊరూ లేని బ్రాండ్ల గురించి చెప్తాడు. 2020 మే నెలలో రెండు రోజుల్లో 75 శాతం ధరలు పెంచితే కర్ణాటక ప్యాకెట్లు ఎట్లా వచ్చిపడ్డాయో చెప్తాడు. రెండో ఆయన 2024 అక్టోబరులో ప్రైవేటుకిచ్చిన 3,396 షాపుల గురించీ, వాటికోసం వెనక్కి రాని 2 లక్షల ఫీజు కట్టి జనం పెట్టిన దాదాపు 90 వేల దరఖాస్తుల గురించీ, బెల్టు షాపుల గురించీ చెప్తాడు. కుప్పం ఒక నాయకుడి కోట, పుంగనూరు ఇంకొక నాయకుడి కోట. కాబట్టి మా ప్రాంతం వాళ్ళ చర్చ ఎక్కడికి పోతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

నాకు కోపం వచ్చింది. వాళ్ళు చెప్పినవి అబద్ధాలని కాదు. రెండు గంటల్లో ఒక్కరూ ఒక్క మనిషి పేరు ఎత్తలేదు. మీ వీధిలో ఎవరు తాగుతున్నారు, ఎవరు మానేశారు, ఎట్లా మానేశారు? ఈ ప్రశ్న అడిగితే ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. నిజం చెప్పాలంటే ఆర్నెల్ల కిందట అడిగుంటే నేనూ అదే చేసేవాణ్ణి.

మా చిన్నాయన సంగతి చెప్తాను. ఆయన తాగడం మొదలుపెట్టింది సారా ప్యాకెట్లతో. 1983 తర్వాత వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో నింపి పల్లెలకు పంపిన సారాయి అది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. చిన్నాయన ఒక్క వారం కూడా ఆపలేదు! కారణం చాలా చిన్నది. మా ఊరి పొలాలు దాటి సైకిలు తొక్కితే కర్ణాటక. అక్కడ సారాయి 2007 జూలై దాకా చట్టబద్ధంగా అమ్మేవాళ్ళు. మొదట తానే పోయి తాగొచ్చేవాడు, తర్వాత లుంగీలో కట్టుకొచ్చేవాడు, ఆ తర్వాత ఊళ్ళోకే వచ్చేది. 1997లో నిషేధం ఎత్తేశాక అంత దూరం తొక్కే శ్రమ కూడా తప్పింది. 2009లో కామెర్లతో పోయాడు. అప్పటికి నేను ఆన్‌సైట్‌లో ఉన్నాను. ఫోన్లో ఏడ్చాను, డబ్బులు పంపాను.

కాబట్టి "టోటల్ ప్రొహిబిషన్ పెడితే సరి" అనే మిత్రులకు మా మూడు ఊళ్ళ మ్యాపు చూపిస్తాను. మదనపల్లెకు చింతామణి వైపు కర్ణాటక. పుంగనూరుకు ముళబాగిలు వైపు కర్ణాటక. కుప్పం సంగతయితే చెప్పే పనే లేదు, ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. విజయవాడలో కూర్చుని రాసిన జీవో ఇక్కడ పొలం గట్టు దాటదు.

అయితే నిషేధం దండగ అంటున్నానా? కాదు. నిషేధం ఎట్లా వచ్చిందో మర్చిపోయామంటున్నాను.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రిపూట లాంతరు పెట్టుకుని చదివే ఆడవాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడుతో చితికిపోయిన ఇంటి గురించి. అది చదివి, ఇది మన కథే కదా అనుకుని, కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు సారాయి అంగడి మూయించారు. వాళ్ళలో వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. 1992లో అది జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చీపుర్లు, కారప్పొడి, అన్నం వండమని భీష్మించడం... ఆ బొమ్మలన్నీ మనకు గుర్తున్నాయి. కానీ ఆ ఆడవాళ్ళ వెనక ఎవరున్నారో గుర్తులేదు. చదువు చెప్పిన ఊరి కుర్రాళ్ళున్నారు, జన విజ్ఞాన వేదిక వాళ్ళున్నారు, టీచర్లున్నారు, జిల్లా అధికారులున్నారు, రోజూ వార్త వేసిన ఈనాడు ఉంది. అందరివీ వేర్వేరు పనులు, వేర్వేరు పార్టీలు. ఒక్క విషయం మీద కలిశారు. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి 812 కోట్లయిన రాష్ట్రంలో ప్రభుత్వాన్ని వంచారంటే మాటలా?

ఇట్లా కలవడాన్ని తెలుగులో ఏమనాలి? కూటమి అందామంటే ఎన్నికలు గుర్తొస్తాయి. నేను జట్టు అంటాను.

ఆ జట్టుకు ఏమైంది? గెలిచింది, ఇంటికి పోయింది. 1994 డిసెంబరు 12న ప్రమాణస్వీకారం రోజే ఎన్టీఆర్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఇక చూసుకునేది పోలీసులే కదా అని అందరూ అనుకున్నారు. ఊళ్ళో ఎవరి అంగడి ఎక్కడుందో తెలిసిన మనుషులు పక్కకు జరిగారు, ఏమీ తెలియని చెక్‌పోస్టు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, పని చేస్తున్న టీమును రిలీజు చేసేసి, ప్రాజెక్టును సపోర్టుకు అప్పగించాం! రెండేళ్ళ చిల్లరకే కూలిపోయింది. చిత్రం ఏమంటే, నెల్లూరులో ఆ ఆడవాళ్ళే సారా మీద మిగిలిన డబ్బులు రోజుకో రూపాయి దాచుకుని పొదుపు సంఘాలయ్యారు. మన డ్వాక్రా సంఘాలు ఇంతగా పెరగడానికి ఆ ఊపే కారణం. ఇవాళ అవే సంఘాలను దేనికి పిలుస్తున్నాం? లోను వాయిదాకూ, నాయకుల సభకు లారీలు నింపడానికీ.

ఇక రెండో రకం మిత్రులు, యాప్ వీరులు. 2025 అక్టోబరులో మదనపల్లె పక్కనే ములకలచెరువులో నకిలీ మద్యం తయారు చేసే చోటు బయటపడింది. ఆ తర్వాత సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అసలుదో కాదో చూసుకునే యాప్ ప్రభుత్వం తెచ్చింది. మంచిదే, నకిలీ మందుతో ప్రాణాలు పోకూడదు. కానీ మా ఆఫీసులో ఒకతను "ఇదిగో సొల్యూషన్" అని ఆ యాప్ చూపించినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాబూ, మా చిన్నాయన తాగినదంతా అసలుదే!

మూడో రకం, "తాగడం వాళ్ళ పర్సనల్ ఛాయిస్" అనేవాళ్ళు. కోరమంగల పబ్బులో, క్రెడిట్ కార్డు, ఇన్సూరెన్సు, క్యాబు ఉన్న మనిషికి అది ఛాయిసే కావచ్చు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో, దేశంలో మందు వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్ళు 5.7 కోట్లని తేలింది. మందుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందుతోందని కూడా తేలింది. మిగిలిన 37 మందిని అడగండి, ఎన్ని ఛాయిస్‌లున్నాయో.

సరే, నా తప్పు కూడా చెప్పుకోవాలి. చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, మదనపల్లె టమోటా మండీలో బాక్సులు ఎత్తుతాడు. వాడికీ అదే దారి పట్టింది. పిన్నమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మందు మాన్పించే సెంటరుకు డబ్బులు కట్టాను. మూడుసార్లు. మూడుసార్లూ నెల ఉండి, ఒళ్ళు చేసి, నవ్వుతూ వచ్చాడు. మూడుసార్లూ పదిహేను రోజుల్లో మళ్ళీ పడ్డాడు. నేను సెంటరును తిట్టాను, వాణ్ణి తిట్టాను. మూడోసారి పిన్నమ్మ అన్న మాట ఇది: "నాయనా, నువ్వు వాణ్ణి బాగుచేసి ఆ వీధిలోకే కదా పంపిస్తా ఉండావు."

నాలుగోసారి నన్ను అడగలేదు. తన సంఘంలో చెప్పింది. పదకొండు మంది ఉన్న సంఘం. సిగ్గుతో చెప్పుకుంటే, ఏడిళ్ళలో అదే కథని తేలింది! ముప్పై ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో ఉంటూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

మొదట వాళ్ళు అనుకున్నది మగవాళ్ళను గదిలో పెట్టి తాళం వేద్దామని. ఏఎన్ఎం అడ్డుపడింది. ఏళ్ళ తరబడి బాగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు, మతి తప్పడం వస్తాయి, ప్రాణానికే ముప్పు, డాక్టరు చూడాలి అని చెప్పింది. (ఈ ముక్క నాకే తెలియదు, ఇంత చదివి.) సరే, జట్టులోకి ఏఎన్ఎం, ఆమెతో పాటు పీహెచ్‌సీ డాక్టరు వచ్చారు.

తర్వాత మండీ. కూలి మధ్యాహ్నానికి నగదుగా చేతికిస్తారు, మండీ నుంచి బస్టాండు పోయేలోపు సగం అయిపోతుంది. నలుగురు ఆడవాళ్ళు పోయి మండీ ఆసామితో మాట్లాడారు. మనిషి ఒప్పుకుంటే కూలి వారానికొకసారి, ఇంటి ఆడవాళ్ళ ఖాతాలో వెయ్యమని. ఆయన మొదట కసురుకున్నాడంట, రెండోసారి పోతే కూర్చోమన్నాడంట. మా తమ్ముడు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది.

అసలు చిక్కు బెల్టు షాపు. దాన్ని నడిపేది రౌడీ కాదు, మా వీధి చివర ఒక ఆడమనిషి. ఆమె మొగుడు తాగే చచ్చిపోయాడు. ఇద్దరు పిల్లలు. సీసాకు మిగిలే పది ఇరవై మీదే ఆ ఇల్లు నడుస్తుంది. పోలీసులకు చెబితే ఒక్క రోజులో మూతపడుతుంది, మరుసటి వారం ఇంకో ఇంట్లో తెరుచుకుంటుంది. సంఘంలో దీని మీద పెద్ద గొడవే జరిగిందంట. చివరకు ఆమెనే సంఘంలో చేర్చుకుని, లోను ఇప్పించి, హైస్కూలు దగ్గర ఇడ్లీ బండి పెట్టించారు. దీన్ని ఏ ఎక్సైజు పాలసీలో రాస్తారు చెప్పండి?

ఇంకో ముక్క చెప్పాలి, ఇది నాకు బాగా నచ్చింది. గట్టు అవతల కర్ణాటక పల్లె నుంచి ప్యాకెట్లు వస్తాయి. ఆ పల్లెలోనూ తెలుగే మాట్లాడతారు, మా ఊరి ఆడపిల్లలు నలుగురు అక్కడ కోడళ్ళు. మావాళ్ళు పసుపు కుంకుమ పట్టుకుని పోయి అక్కడి స్త్రీ శక్తి సంఘం వాళ్ళతో కూర్చున్నారు. చిన్నపిల్లలు వస్తే ప్యాకెట్టు ఇవ్వకూడదని అక్కడి అంగడాయన చేత ఒప్పించారు. చిన్న సంగతే. కానీ రెండు రాష్ట్రాల చెక్‌పోస్టులు చేయలేనిది ఇద్దరు వియ్యపురాళ్ళు చేశారు.

అంతా సుఖాంతం అని రాయలేను. మీటింగుకు పోయినందుకు ఒకామెను మొగుడు కొట్టాడు. ఏడుగురిలో ఇద్దరు అస్సలు మారలేదు. మా తమ్ముడు ఐదు నెలలు ఉండి గంగజాతర రోజు మళ్ళీ తాగాడు. కానీ ఈసారి తేడా ఏమంటే, మరుసటి పొద్దున వాడి ఇంటికి ముగ్గురు పోయారు. తిట్టడానికి కాదు, ఆసుపత్రికి తీసుకుపోవడానికి.

కొందరు అంటారు, ఇవన్నీ ప్రభుత్వమే చేస్తోంది కదా అని. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నశా ముక్త్ భారత్ మొదలుపెట్టారు. 2024లో మన రాష్ట్రంలో గంజాయి, డ్రగ్సు మీద ఈగల్ విభాగం పెట్టి 1972 నంబరు ఇచ్చారు. తాగుడు మానాలనుకునేవాళ్ళకు కేంద్రం నంబరు 14446 ఉంది. ఈ నంబర్లు ఫోన్లో పెట్టుకోండి, పనికొస్తాయి. కానీ జూన్ 26న మన ఊళ్ళలో ఏం జరుగుతుంది? పిల్లలను ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ, ర్యాలీ, బ్యానరు ముందు ఫోటో. జూన్ 27న ఎవరింటికైనా ఎవరైనా పోయారా? జట్టు అంటే ఆ 27వ తేదీ పని.

ఐస్‌లాండ్ వాళ్ళు ఈ పని చేసి చూపించారు. పాత చిత్తూరు జిల్లా జనాభాలో పదో వంతు కూడా లేని దేశం. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా మత్తెక్కేదాకా తాగామన్నారు. 2016కు అది 5 శాతం. ఏం చేశారు? స్కూళ్ళలో పిల్లలను అడిగి, ఏ ఊరి లెక్క ఆ ఊరికి ఇచ్చారు. తల్లిదండ్రులు కలిసి ఒప్పందం రాసుకున్నారు, మా పిల్లల చేతికి మందు రానివ్వం, రాత్రిళ్ళు బయట తిరగనివ్వం అని. ఆటలకూ సంగీతానికీ ఊరు డబ్బు పెట్టింది. అమెరికాలో ఉన్న మిత్రులారా, మీ కౌంటీలోనూ ఇట్లాంటి జట్టు ఉండొచ్చు, వెతకండి. 1997 చట్టం కింద అక్కడ ఫెడరల్ డబ్బు కావాలంటే తల్లిదండ్రులు, స్కూలు, పోలీసు, వ్యాపారులు, గుడి చర్చి వాళ్ళు, డాక్టర్లు ఇట్లా 12 రకాల మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలని షరతు. మన దగ్గర ఆ బల్ల ఎప్పటినుంచో ఉంది, డ్వాక్రా చాప రూపంలో. కూర్చునేవాళ్ళే తక్కువ.

మరి మనమేం చెయ్యాలి? నేను పోయిన నెల ఊరికి పోయి, గొప్పగా, "సంఘానికి ఎంత కావాలో చెప్పండి, ఇస్తాను" అన్నాను. సంఘం లీడరు, నాకు వరసకు అత్తవుతుంది, ఇట్లా అంది: "డబ్బులొద్దప్పా. సంక్రాంతికి మీరంతా బెంగుళూరు నుంచి సీసాలు తెచ్చి మామిడితోపులో కూర్చుంటారే, ఆ పని మానుకోండి. ఇంటరు పిల్లోళ్ళంతా మీ కార్లు చూసి, మీ షూలు చూసి, మీ చేతిలో సీసా చూస్తారు. మా మొగుళ్ళను చూసి ఎవరూ నేర్చుకోరు నాయనా, మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు."

నా దగ్గర సమాధానం లేదు. ఆ తోపులో నేనూ కూర్చున్నాను. పోయిన సంక్రాంతికే. గ్లాసులు, నీళ్ళ బాటిళ్ళు తెచ్చిపెట్టింది పక్కింటి ఇంటరు కుర్రాడు. మిగిలిన కూల్‌డ్రింకు వాడికిచ్చాం. సీసాలో మిగిలింది వాడేం చేశాడో ఎవరం అడగలేదు. పల్లెటూళ్ళలో తాగుడు పెరిగిపోయిందని ఆ తోపులోనే ఒక గంట చర్చించుకున్నాం కూడా!

బస్సులో ఆ ఇద్దరికీ ఇదంతా చెప్పాను. మదనపల్లె ఆయన "అదంతా లోకల్ పాలిటిక్స్, కులాల గొడవలు, మనం దూరితే ఇరుక్కుంటాం" అన్నాడు. నిజమే, ఇరుక్కుంటాం. మా సంఘంలోనూ రెండు పార్టీలున్నాయి, మూడు కులాలున్నాయి. మందు గురించి మాట్లాడే రోజు పార్టీ మాట ఎత్తితే పది రూపాయలు జరిమానా పెట్టుకున్నారు. పెట్టెలో ఇప్పటికి రెండొందలు దాటిందంట. అంటే ఎత్తుతున్నారు, కడుతున్నారు, మళ్ళీ వస్తున్నారు. కుప్పం ఆయన మాత్రం దిగేటప్పుడు నా నంబరు తీసుకున్నాడు. వాళ్ళ ఊర్లో రోజూ రైల్లో బెంగుళూరుకు పనికి పోయొచ్చే కుర్రాళ్ళలో గంజాయి మొదలైందని, ఎవరితో మాట్లాడాలో తెలియడం లేదని అన్నాడు. రెండు గంటలు పార్టీల గురించి అరిచిన మనిషి, ఆ మాట చెప్పడానికి బస్సు ఆగేదాకా ఆగాడు.

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున పది గంటలకు మా ఊరి స్కూల్లో ఇంటరు, డిగ్రీ పిల్లలతో కూర్చోవడం మొదలుపెట్టాం. ఇప్పటికి రెండుసార్లయింది. మొదటిసారి తొమ్మిది మంది, రెండోసారి ఆరుగురే వచ్చారు. అత్త నాకిచ్చిన పని, ఆ తోపు సంగతి నా నోటితోనే వాళ్ళకు చెప్పడం. మొదటిసారి చెప్పలేకపోయాను. రెండోసారి చెప్పాను. గ్లాసులు తెచ్చిన కుర్రాడు వెనక బెంచీలో కూర్చుని తల దించుకున్నాడు.

మా తమ్ముడికి ఇవాళ్టికి 41 రోజులు.